లోపలి కుట్టు

ఆ శీర్షిక నాదే.
రాత్రి పదకొండున్నరకి, వ్యాను హారన్ కొడుతుంటే
నాలుగు కాలమ్‌లకి సరిపడే మాట వెతికి
"తాగి నడిపాడు" అని పెట్టాను.
అతికినట్టు పట్టింది. ఆ తృప్తితోనే
ఇంటికెళ్ళి నిద్రపోయాను.

చిలోయే దీవిలో వాన గురించి ఎవరూ రాయరు.
పొగమంచులో ఫెర్రీ ఇసుకమేట ఎక్కితే రాస్తారు.
పద్దెనిమిది మంది, రెండు ఆవులు, ఒక పెళ్ళి కేకు.
ఎవరికీ ఏమీ కాలేదు, కేకుకి తప్ప.
సరంగు పేరు బెలిసారియో కార్కమో.
తాగాడని డీజిల్ బంకు దగ్గర ఎవరో అన్నారు.
ఆ ఎవరో మా కాగితం మీదికొచ్చేసరికి
"విశ్వసనీయ వర్గాలు" అయిపోయాడు.

తొమ్మిది వారాలకి నౌకాశాఖ నివేదిక వచ్చింది.
తెగింది చుక్కాని తీగ.
అతని నెత్తుట్లో చుక్క మందు లేదు.
మేమూ వేశాం, పద్నాలుగో పేజీలో,
ఆటుపోట్ల పట్టిక కింద:
"మార్చి ఇరవై రెండు నాటి వార్తలో
ఒక వివరం సరికాదు. చింతిస్తున్నాం."
ఏ వివరమో రాయలేదు.
చింతిస్తున్నది ఎవరో కూడా.

మర్నాడు అతని భార్య ఎర్మెలిందా వచ్చింది.
గదంతా తడిసిన ఉన్ని కోటు వాసన.
ఏడుస్తుందనుకున్నాను.
ఎడిటరైతే లాయరుకి ఫోను తిప్పబోయాడు.
ఆమె మెడలోంచి కొలతల టేపు తీసింది.

రెండు పేపర్లూ నా బల్ల మీద పరిచింది.
శీర్షిక ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు.
సవరణ కొలవబోయి
కళ్ళద్దాలు పెట్టుకుని, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"మీరే చెప్పండి" అంది.
"రెండు మిల్లీమీటర్లు" అన్నాను.
నా గొంతు నాకే ఆ అక్షరాల సైజులో వినబడింది.

అప్పుడు మాట్లాడింది, పెదాల మధ్య
గుండుసూదులున్నట్టు, ఆచితూచి:

"నేను ప్యాంటు కుట్టిస్తే
మనిషి దాన్ని తిరగేసి చూస్తాడు. చూడనిస్తాను.
లోపలి కుట్టు దాచే దర్జీ దగ్గరికి
రెండోసారి ఎవరూ పోరు.
మీ వార్త తిరగేస్తే ఏముందయ్యా?
ఎవరు చూశారు? ఎంత దూరం నుంచి?
మీలో ఒక్కరైనా మా తలుపు కొట్టారా?
పోనీ, కొట్టలేదన్న ముక్కైనా రాశారా?

"ఇంకోటి. ఏ బట్టకైనా నేను
కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాను.
మనిషి లావెక్కొచ్చు, నా కొలతే తప్పొచ్చు.
విప్పి సరిచేయడానికి అది ఉండాలి.
మీరు అంచుదాకా కత్తిరించేశారు.

"తప్పు కోయొద్దని అనను.
తప్పు కోయని చెయ్యి
కత్తెర పట్టని చెయ్యే."

ఆగింది. రేకుల మీద వాన గట్టిపడింది.

"ఫైరింజన్ల హాల్లో శనివారాలు పేకాట.
అతని కుర్చీ మీద ఇప్పుడు
మిగతావాళ్ళు కోట్లు పడేస్తున్నారు."

అంతే. క్షమాపణ అడగలేదు, డబ్బూ అడగలేదు.
పోతూ కౌంటర్లో చిల్లర లెక్కపెట్టి
ఆనాటి పేపరు కొనుక్కుంది.
ఊరికే తీసుకోమంటే
"వద్దు, కొంటేనే అడగ్గలను" అంది.

ఆ రాత్రి ఎడిటరూ నేనూ అరుచుకున్నాం.
"పరువు పోతుంది" అన్నాడు.
"ఎవరిది?" అన్నాను.
హీటర్లో కట్టె విరిగింది, ఇద్దరం దానికేసి చూశాం.

శుక్రవారం మొదటి పేజీలో వేశాం:
ఏం రాశామో, ఎవరి మాట పట్టుకుని రాశామో,
ఎవరిని అడక్కుండా రాశామో,
శీర్షిక పెట్టిందెవరో.
ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో
నా పేరు అచ్చులో చూడటం అదే మొదలు.
చోటు మాత్రం రెండు కాలమ్‌లే ఇచ్చాడు.

పొద్దున్నే వచ్చింది. టేపు తీసింది.
చాలాసేపు ఏమీ అనలేదు.
ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివింది.
తర్వాత జేబులోంచి దర్జీ సుద్ద తీసి
నా బల్ల మీద గీత గీసి
పక్కన రాసింది: రెండుంబావు.

"సగం" అంది.
"మిగతా సగానికి
ఎప్పుడు రమ్మంటారు?"